డైప్లీజియా ఉన్న మూడున్నరేళ్ళ పాప: స్ప్లింట్లు, బట్టలు, కుర్చీ, స్నానం ఇంట్లో ఎలా నడపాలి?

పొద్దుటి పరుగు:

అందరికీ నమస్తే. పాపకి మూడున్నరేళ్ళు, 13 కిలోలు. స్పాస్టిక్ డైప్లీజియా, అంటే సెరిబ్రల్ పాల్సీలో ముఖ్యంగా రెండు కాళ్ళూ బిగుసుకునే రకం. జీఎంఎఫ్‌సీఎస్ (పిల్లల కదలికని 1 నుంచి 5 దాకా చూసే కొలమానం, 5 అన్నిటికంటే తీవ్రం) లెవెల్ 3. చేతులు బాగానే వాడుతుంది, మాటలు బాగా వచ్చు, వెనకవైపు ఉండే వాకర్‌తో ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంది. రెండు కాళ్ళకీ కొత్తగా ఏఎఫ్‌ఓలు (పాదాన్నీ చీలమండనీ పట్టి ఉంచే ప్లాస్టిక్ స్ప్లింట్లు) వచ్చాయి, చీలమండ దగ్గర మడత లేని రకం. థెరపీ గురించి అడగడం లేదు, దానికి చెప్పేవాళ్ళున్నారు. థెరపీ గంట అయిపోయాక మిగిలే రోజంతా ఎలా అన్నదే ప్రశ్న.

స్ప్లింట్లు తొడగడం పొద్దున్నే పెద్ద యుద్ధం. పాపని పడుకోబెట్టి, కాళ్ళు చాపి తొడుగుతున్నాం. వేళ్ళు ముడుచుకుపోతాయి, మడమ లోపలికి దిగదు, ఎలాగోలా పట్టీలు బిగిస్తే సాయంత్రం తీసేసరికి చీలమండ లోపలి గుబ్బ మీద ఎర్రగా ఉంటోంది. ప్యాంటు వేయబోతే కాళ్ళు కత్తెరలా బిగుసుకుంటాయి. భోజనానికి కుర్చీలో కూర్చోబెడితే ఐదు నిమిషాలకి ముందుకి జారి, వీపు మీద కూర్చున్నట్టు అయిపోతుంది. స్నానానికి ఎత్తుకెళ్ళేది మా అత్తగారు, ఆవిడకి నడుం నొప్పి మొదలైంది.

"ఓపిగ్గా చేయండి" అని కాకుండా, ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ తప్పుతుంది అన్నది చెప్పగలరా?

కొలతటేపు:

స్ప్లింట్లు తయారుచేసే పని నాది కాబట్టి ఆ ముక్క వరకే చెప్తాను.

కారణం మీరే రాశారు: పడుకోబెట్టి, కాళ్ళు చాపి. పిక్కల్లో పైనుండే పెద్ద కండరం మోకాలి పైనుంచి మొదలై మడమ దాకా వస్తుంది. మోకాలు చాచి ఉంటే అది అప్పటికే సాగి ఉంటుంది, ఇక పాదం పైకి రావడానికి చోటుండదు. అదే మోకాలు, తుంటి రెండూ మడిస్తే కండరం వదులై చీలమండ తేలిగ్గా తిరుగుతుంది. అందుకని పాపని కూర్చోబెట్టే తొడగండి. చిన్న బల్ల మీదో, ఇంకొకరి ఒళ్ళోనో. మోకాలు 90 డిగ్రీల కంటే కాస్త ఎక్కువే మడవండి.

ముందు మేజోడు. మోకాలి దాకా వచ్చే పొడుగువి తీసుకోండి, కుట్టు వేళ్ళ మీద ఉబ్బెత్తుగా ఉండకూడదు. ఉంటే తిరగేసి తొడగండి. మడమ దగ్గర, చీలమండ ముందు ముడత ఒక్కటి కూడా లేకుండా లాగాలి. స్ప్లింట్ కింద ముడత ఉంటే సాయంత్రానికి అక్కడ గీత పడే తీరుతుంది.

తర్వాత పాదం. మునివేళ్ళ కింద, అరికాలి ముందు భాగం మీద నొక్కకండి. అక్కడ నొక్కితే వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి, పాప మొండితనం కాదది. మడమని మీ అరచేతిలో పట్టుకుని, రెండో చేత్తో పాదాన్ని పక్కలనుంచి పట్టి నెమ్మదిగా పైకి తెండి. పదీ పదిహేను సెకన్లు అలాగే ఆగండి. గబుక్కున తోస్తే కండరం ఎదురు బిగుస్తుంది, కొందరికి పాదం టకటకా కొట్టుకుంటుంది. అలా కొట్టుకుంటే మళ్ళీ మోకాలు మడిచి, ఆగేదాకా కదలకుండా పట్టుకోండి.

కాలు మెత్తబడ్డాక స్ప్లింట్ తెరిచి ముందు మడమని వెనక్కీ కిందికీ దించండి. వేళ్ళు తర్వాత. ఇప్పుడు పట్టీలు. మొదట బిగించాల్సింది చీలమండ ముందు పట్టీ, ఎందుకంటే మడమని లోపల పట్టి ఉంచేది అదొక్కటే. చాలామంది పైన పిక్క పట్టీతో మొదలుపెడతారు, మడమ అప్పటికే ఒక సెంటీమీటరు పైన ఉండిపోతుంది, ఇక ఎంత బిగించినా దిగదు. చీలమండ పట్టీ, పిక్క పట్టీ, వేళ్ళ దగ్గర పట్టీ ఉంటే అది చివర. మూడూ అయ్యాక మోకాలు చాపి ఒకసారి చూడండి. చాపగానే మడమ లేస్తే చీలమండ పట్టీ వదులుగా ఉన్నట్టు.

మడమ దిగిందో లేదో బయటికి కనబడదు. మడమ సరిగ్గా కూర్చున్న రోజు వేళ్ళ చివర ఎక్కడిదాకా వచ్చాయో చూసి, స్ప్లింట్ అడుగున పర్మనెంట్ మార్కర్‌తో గీత గీయండి. మర్నాడు వేళ్ళు ఆ గీత దాటి ముందుకొస్తే మడమ దిగలేదని అర్థం. మడమ వెనక బఠాణీ గింజంత రంధ్రం పెట్టమని మీ స్ప్లింట్ చేసినవాళ్ళని అడగొచ్చు, అందులోంచి మేజోడు కనబడుతుంది. పట్టీ కొస ఎక్కడికి రావాలో కూడా పట్టీ మీదే గీత పెట్టండి. అప్పుడు ఎవరు తొడిగినా బిగువు ఒకటే ఉంటుంది.

ఎరుపు సంగతి. చీలమండ గుబ్బ కోసం ప్లాస్టిక్‌లో లోతు వదులుతాం. మడమ పైకి ఉంటే గుబ్బ ఆ లోతులో కాకుండా దాని పై అంచు మీద కూర్చుంటుంది. అంటే మచ్చ గుబ్బ దగ్గర, తప్పు మడమ దగ్గర. కాబట్టి పైన చెప్పిన వరస రెండు మూడు రోజులు పాటించి చూడండి. మడమ సరిగ్గా దిగినా అక్కడే ఎరుపు వస్తుంటే పాదం లోపలికి వాలుతోందేమో, లోతు చాలలేదేమో, అప్పుడు తీసుకెళ్ళి చూపించాలి.

తీశాక 20–30 నిమిషాల్లో పోయే గులాబీ రంగు మామూలే. అరగంట దాటినా పోకపోయినా, బొబ్బ వచ్చినా, తోలు లేచినా ఆ స్ప్లింట్ ఇక వేయకండి, ఫోన్ చేయండి. ఛాయ తక్కువ పిల్లల్లో ఎరుపు తేలిగ్గా కనబడదు, వేలి వెనకతో తాకి చూడండి: చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా ఉందా, రంగు ముదిరిందా అని. ఆ చోట దూది, గుడ్డ పెట్టి సర్దుకోవాలని చూడొద్దు. లోపల ఉన్నదే మిల్లీమీటర్లలో చోటు. దూది పెడితే ఒత్తిడి తగ్గదు, సరిగ్గా ఆ గుబ్బ మీదే పెరుగుతుంది.

కొత్తవి కనుక మొదటి రోజే పొద్దంతా వేయకూడదు. మొదట అరగంట నుంచి గంట, తీసి చర్మం చూడటం. బాగుంటే రోజుకి గంట చొప్పున పెంచుకుంటూ ఒకటి రెండు వారాల్లో పూర్తి సమయానికి రావాలి. మీకు చెప్పిన పద్ధతి వేరే ఉంటే అదే పాటించండి.

షూ లేకుండా స్ప్లింట్‌తో నిలబెట్టకండి, ప్లాస్టిక్ నేల మీద జారుతుంది. షూ ఒక సైజు పెద్దది, వెడల్పుది, వేళ్ళ దాకా తెరుచుకునేది కావాలి. లోపలి అట్ట తీసేస్తే చోటొస్తుంది. స్ప్లింట్‌ని గోరువెచ్చటి నీళ్ళు, సబ్బుతో కడిగి గుడ్డతో తుడవండి. ఎండలో, హీటర్ దగ్గర, మూసిన కారులో పెడితే ఆకారం మారిపోతుంది, ఆ మార్పు కంటికి కనబడదు, కాలికి తెలుస్తుంది. వెల్‌క్రోలో పేరుకునే నూగుని పాత టూత్‌బ్రష్‌తో తీయండి. పట్టీ పట్టడం లేదని తెచ్చేవాటిలో సగం ఆ నూగు వల్లే.

ఈ వయసులో 6 నుంచి 12 నెలల్లో చిన్నవైపోతాయి. వేళ్ళు అడుగు పలక దాటి బయటికి రావడం ఒక గుర్తు. పిక్క పై అంచు కోసుకుంటుంటే అది ఇంకో గుర్తు.

మెత్తటి చాప:

స్ప్లింట్ల గురించి పై జవాబు పూర్తిగా ఉంది. ఒక్కటే కలుపుతాను: ప్యాంటు ముందు మోకాళ్ళ దాకా ఎక్కించి పైకి మడిచి ఉంచండి, అప్పుడు స్ప్లింట్లు తొడగండి, ఆ తర్వాత ప్యాంటు కిందికి దించండి. స్ప్లింట్ల మీదుగా ప్యాంటు ఎక్కించాలంటే వెల్‌క్రోకి గుడ్డ పట్టుకుని ఇంకో యుద్ధం. కింది భాగం వెడల్పుగా ఉన్నవి, లేదా పక్క కుట్టు విప్పి జిప్ పెట్టించినవి అయితే మధ్యలో స్ప్లింట్ తీసి చర్మం చూడటం కూడా సులువు.

కాళ్ళు కత్తెర పడటం. అక్కడ బలం పనికిరాదు. చీలమండలు పట్టుకుని విడదీస్తే తొడ లోపలి కండరాలు ఇంకా బిగుస్తాయి. పైగా అంత దూరం నుంచి లాగితే తుంటి మీద బరువు పడుతుంది. ముందు రెండు మోకాళ్ళూ పొట్ట వైపు మడవండి. తుంటి మడవగానే కాలంతా చాచుకునే ఆ బిగువు సడలుతుంది. మోకాళ్ళు మడిచి ఉంచే, నడుముని నెమ్మదిగా ఈ పక్కకీ ఆ పక్కకీ నాలుగైదు సార్లు దొర్లించండి. తర్వాత చేతులు మోకాళ్ళకి పైన, తొడల మీద వేసి, తొడలని బయటికి తిప్పుతూ విడదీయండి. మధ్యలో చుట్టిన తువాలు పెట్టేస్తే మీ రెండు చేతులూ ఖాళీ అవుతాయి. డైపర్ మార్చేటప్పుడు చీలమండలు కలిపి పైకెత్తే అలవాటు ఉంటే మానేయండి, పక్కకి దొర్లించి మార్చండి.

బట్టలకి పాత సూత్రమే: బిగువు ఎక్కువున్న కాలు ముందు తొడగాలి, విప్పేటప్పుడు అది చివర విప్పాలి. డైప్లీజియాలో కూడా రెండు కాళ్ళూ సమానంగా ఉండవు, మీ పాపకి ఏది ఎక్కువో మీకు తెలిసే ఉంటుంది. వెల్లకిలా పడుకోబెట్టి తొడిగితే తల వెనక్కి నొక్కుకుని ఒళ్ళంతా చాచుకుంటారు. అదే మీ ముందు, మీకు వీపు ఆనించి చిన్న బల్ల మీద కూర్చోబెడితే తన కాళ్ళు తనకి కనబడతాయి, ముందుకి వంగుతుంది, పని సగం అక్కడే అయిపోతుంది. మూడున్నరేళ్ళకి మోకాళ్ళ దాకా వచ్చిన ప్యాంటుని పైకి లాక్కోవడం తను చేయగలిగిన పని. చివరి లాగుడు తనకి వదలండి. ఆఖరి అడుగు పిల్లలకి ఇచ్చి, తర్వాత దాని ముందరి అడుగు, అలా వెనక నుంచి ముందుకి నేర్పితే ప్రతిసారీ పని పూర్తి చేసింది వాళ్ళే అవుతారు.

ఎత్తేటప్పుడు కూడా అదే. చంకల్లో చేతులు పెట్టి నిటారుగా లేపితే కాళ్ళు కర్రల్లా చాచుకుని అడ్డం పడతాయి, బరువు రెట్టింపయినట్టుంటుంది. నేల మీద నుంచైతే ముందు పక్కకి దొర్లించి, మోకాళ్ళు మడిచి, చేతులు ముందుకి తెచ్చి, ఒక చెయ్యి భుజాల వెనక, ఒకటి తొడల కింద. ఎత్తేవాళ్ళు ఒక మోకాలు నేల మీద ఆన్చి, పాపని ఒంటికి దగ్గరగా లాక్కున్నాకే లేవాలి. చేతులు చాపి ఎత్తడం, ఎత్తి నడుం తిప్పడం, ఎత్తేటప్పుడు ముఖ్యంగా ఈ రెండూ నడుముని పాడుచేస్తాయి. చంకనెత్తుకుంటే కాళ్ళు విడిగా ఉంటాయి కాబట్టి మంచిదే, కానీ ఎప్పుడూ ఒకే వైపు వద్దు.

"ఎత్తనా?" అని చెప్పి, తను చేతులు చాచేదాకా ఆగండి. ఐదు నుంచి పది సెకన్లు పడుతుంది. ఆ సమయం ఇవ్వకపోతే ఉలిక్కిపడి బిగుసుకుంటుంది, మీరు ఎత్తేది ఆ బిగువునే.

ఇంకోటి. డబ్ల్యూ ఆకారంలో కూర్చోనివ్వకండి, అంటే పిర్రలు నేల మీద, మడమలు రెండు పక్కలా పెట్టి కూర్చోవడం. ఇప్పటినుంచే మాన్పించాలి.

పలక బలపం:

చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. లెవెల్ 3 పిల్లల్లో చాలామందికి రెండు చేతులూ ఖాళీగా ఉండి ఆడుకోగలిగే భంగిమ నేల మీద అదొక్కటే. ఇంకోటి ఇవ్వకుండా అది తీసేస్తే ఆటే పోతుంది. రోజంతా అందులోనే ఉంటే తొడలు లోపలికి తిరిగే అలవాటు గట్టిపడుతుంది, నిజమే. అందుకని మాన్పించడం కంటే మార్చడం మేలు: 15–20 సెం.మీ. ఎత్తు చిన్న పీట, ముందు ఆట సామాను పెట్టిన బల్ల. కాళ్ళు చాపి కూర్చోబెట్టడం ప్రత్యామ్నాయం అనుకుంటారు గానీ, తొడ వెనక కండరాలు బిగుతుగా ఉన్న పిల్లలకి అది శిక్ష. నడుం వెనక్కి వాలిపోయి వీపు గూని పడుతుంది.

కుర్చీ గురించి చెప్పాలంటే కొలతలు కావాలి. పాప షూ, స్ప్లింట్లతో సహా కూర్చున్నప్పుడు: పిర్రల వెనక నుంచి మోకాలి మడత దాకా ఎంత, మోకాలి మడత నుంచి షూ అడుగు దాకా ఎంత, సీటు నుంచి మోచేయి దాకా ఎంత. కుర్చీ సీటు లోతు, ఎత్తు కూడా.

పొద్దుటి పరుగు:

చాలా థాంక్స్ అండి. కూర్చోబెట్టి, మోకాలు మడిచి తొడిగితే మడమ దిగింది. గీతలు కూడా పెట్టాం.

కొలతలు: పిర్రల నుంచి మోకాలి మడత 25 సెం.మీ., మోకాలి మడత నుంచి షూ అడుగు 23, సీటు నుంచి మోచేయి 15. కుర్చీ సీటు లోతు 32, నేల నుంచి ఎత్తు 35. చెక్క కుర్చీ, చేతులున్నాయి. ఇప్పుడు వెనక దిండు, కింద దిండు పెట్టి, ఛాతీ చుట్టూ ఒక పట్టీ కడుతున్నాం.

పలక బలపం:

ముందు ఆ ఛాతీ పట్టీ తీసేయండి. తుంటి దగ్గర బెల్ట్ లేకుండా ఛాతీకి మాత్రమే కడితే, పాప జారినప్పుడు పట్టీ గొంతు దగ్గరికి వస్తుంది. అది నిజంగా ప్రమాదం.

ఇప్పుడు లెక్క. మోకాలి మడతకీ సీటు అంచుకీ మధ్య రెండు వేళ్ళ సందు ఉండాలి, అంటే సుమారు 2 సెం.మీ. కాబట్టి తనకి కావాల్సిన సీటు లోతు 23. మీది 32. తొమ్మిది సెంటీమీటర్లు ఎక్కువ. సీటు లోతు ఎక్కువైతే మోకాలు మడవడానికి అంచు దొరకదు, మోకాలు మడవాలంటే ముందుకి జారాలి. ఐదు నిమిషాలకి జారేది అందుకే.

వెనక 9 సెం.మీ. మందం నింపాలి. దిండు కాదు, అది నలిగిపోయి పదకొండు గంటలకి ఒక కొలత, మధ్యాహ్నానికి ఒక కొలత అవుతుంది. పిల్లల ఆట చాపల్లో వాడే గట్టి ఫోమ్ పలకలు ఒకదాని మీద ఒకటి అతికించి, కుర్చీ వెనక్కి రెండు పట్టీలతో కట్టేయండి. సీటు మీది మెత్తటి దిండు కూడా తీసేయండి. మెత్తటి సీటు మీద నడుం ఒక పక్కకి కుంగుతుంది. జారకుండా పలచటి రబ్బరు మ్యాట్ ముక్క చాలు.

పాదాల కింద: సీటు ఎత్తు 35, కాలి పొడవు 23, అంటే 12 సెం.మీ. దిమ్మ. పాదాలు గాల్లో ఉంటే పాప కాళ్ళు చాపి ఆసరా వెతుక్కుంటుంది, ఆ చాపడంతోనే నడుం ముందుకి వస్తుంది. దిమ్మ ఎక్కడ పెడతారన్నది ఎత్తు కంటే ముఖ్యం. సరిగ్గా మోకాళ్ళ కింద ఉండాలి, ముందుకి కాదు. తొడ వెనక కండరాలు తుంటి ఎముక నుంచి మోకాలి కింది దాకా ఉంటాయి. పాదాలు ముందుకి చాచి పెడితే అవి సాగి, నడుముని కిందినుంచి ముందుకి లాగుతాయి. ఎంత మంచి బెల్టయినా ఆ లాగుడుని ఆపలేదు.

వెనక 9 సెం.మీ. నింపాక పాప కుర్చీ ముందు అంచుకి దగ్గరవుతుంది, దిమ్మ మీద కాళ్ళు తన్నితే కుర్చీ కదలొచ్చు. దిమ్మని కుర్చీ ముందు కాళ్ళకి మాత్రమే తగిలిస్తే, తను దాని మీద నిలబడ్డ క్షణం కుర్చీ ముందుకి తిరగబడుతుంది. కుర్చీ, దిమ్మ రెండూ ఒకే వెడల్పాటి చెక్క పలక మీద బిగించండి. పలక దిమ్మ కంటే 15 సెం.మీ. అయినా ముందుకి రావాలి.

బెల్ట్ పొట్ట మీద కాదు, తొడ మడతలో రావాలి. సీటుకీ వెనక భాగానికీ మధ్య మూలలోంచి బయల్దేరి, పక్కనుంచి చూస్తే 45 డిగ్రీల వాలులో ఉండాలి. ఒక వేలు దూరేంత బిగువు. బిగించే ముందు పాపని నడుం దగ్గర ముందుకి వంచి, మోకాళ్ళ మీద చేతులు వేసి వెనక్కి తోయండి. పిర్రలు వెనక ఫోమ్‌కి తగిలాకే బెల్ట్. జారిన తర్వాత బెల్ట్ బిగిస్తే ఆ జారిన భంగిమనే కట్టేసినట్టు.

బల్ల ఎత్తు: సీటు నుంచి 15, దానికి ఒకటి రెండు సెంటీమీటర్లు పైన. తక్కువైతే మీదికి వంగిపోతుంది, మరీ ఎక్కువైతే భుజాలు చెవుల దాకా లేస్తాయి.

తినిపించేవాళ్ళు నిలబడి తినిపించకండి. పై నుంచి స్పూన్ వస్తే తల వెనక్కి పోతుంది, తల వెనక్కి పోతే మింగడం కష్టం, ఊపిరితిత్తుల్లోకి పోయే అవకాశం ఎక్కువ. ఎదురుగా, తన కళ్ళ ఎత్తులో కూర్చోండి. గడ్డం కొద్దిగా కిందికి ఉండాలి. తింటున్నప్పుడు తరచూ దగ్గు, గొంతు తడితడిగా మారడం, కళ్ళలో నీళ్ళు, మాటిమాటికీ ఛాతీ ఇన్ఫెక్షన్లు ఉంటే కుర్చీతో సరిపెట్టుకోకుండా మింగడం పరీక్షించేవాళ్ళకి చూపించాలి. తిన్నాక 20–30 నిమిషాలు నిటారుగానే ఉంచండి.

ఆర్నెల్లకోసారి మళ్ళీ కొలవండి. అప్పుడు ఫోమ్ పలక ఒకటి తీసేస్తే చాలు, అందుకే పలకలుగా అతికించమన్నది.

రెండు బకెట్లు:

స్నానం సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు.

అత్తగారి నడుం ముందు. స్నానంలో నొప్పి పుట్టించేది మోయడం ఒక్కటే కాదు, తడి పాపని వంగి పట్టుకుని ఉండటం. పాపకి వీపు, తల ఆనేలా, తొడల మధ్య చిన్న అడ్డు ఉన్న స్నానపు కుర్చీ అవసరం, నేల కంటే కాస్త ఎత్తులో. పోసేవాళ్ళు పక్కన పీట మీద కూర్చుని చేయాలి. నిలబడి వంగొద్దు. బయటికి తెచ్చేటప్పుడు ముందు తువాలు చుట్టి, తర్వాత ఎత్తండి. సబ్బు ఒంటి మీద ఉన్న పాప పట్టు జారితే ఇద్దరూ పడతారు.

ఇప్పుడు 13 కిలోలు కాబట్టి ఒక్కరే ఎత్తగలుగుతున్నారు. ఆరోగ్య రంగంలో మనుషుల్ని చేతులతో ఎత్తడానికి సాధారణంగా పెట్టుకునే హద్దు సుమారు 16 కిలోలు, అదీ అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు. మీ పాప అక్కడికి చేరడానికి ఎంతో కాలం పట్టదు. అందుకే ఇప్పటినుంచే ఎత్తే సార్లు తగ్గించండి: వాకర్‌తో బాత్రూం గుమ్మం దాకా తనే రావడం, గోడకి బిగించిన కడ్డీ పట్టుకుని నిలబడటం, అక్కడినుంచి కూర్చోవడానికి మాత్రమే సాయం. కడ్డీని గోడలోకి మరలతో బిగించండి, అతికించే రకం నమ్మకండి. తడి నేల మీద వాకర్ రబ్బరు టోపీలు, చక్రాలు జారతాయి కాబట్టి గుమ్మం లోపల జారని మ్యాట్ ఉండాలి. స్ప్లింట్లు తీసేసే స్నానం కాబట్టి ఆ రెండడుగులూ తను మునివేళ్ళ మీద వేస్తుంది, చెయ్యి దగ్గరే ఉంచండి.

నీళ్ళు 37–38 డిగ్రీలు. చల్లటి నీళ్ళకి, చల్లగాలికి కండరాలు బిగుస్తాయి. సబ్బు, తువాలు, డైపర్ అన్నీ చెయ్యి చాపితే అందేలా ముందే పెట్టుకోండి. ఫోన్ మోగిందనో, తువాలు మర్చిపోయామనో ఒక్క క్షణం కూడా పాపని వదిలి వెళ్ళకూడదు, స్నానపు కుర్చీలో కట్టి ఉన్నా సరే. నీళ్ళు మొదట పాదాల మీద పోసి, చెప్పి, తర్వాత పైకి రండి. తల మీద హఠాత్తుగా పోస్తే ఒళ్ళంతా చాచుకుని కుర్చీలోంచి జారుతుంది.

పాదాల చర్మం చూడటానికి ఇదే మంచి సమయం. వేళ్ళ సందులు పూర్తిగా తుడవండి, తడి మీద మేజోడు వేస్తే తోలు నాని లేస్తుంది.

మెత్తటి చాప:

వేడి నీళ్ళ స్నానం తర్వాత పది నిమిషాలు పిక్కలు సాగదీయడానికి బంగారంలాంటి సమయం. మీ ఫిజియో చూపించినదే చేయండి, కానీ ఇంట్లో తప్పేది ఒకచోట ఉంది. పాదం ముందు భాగం పట్టుకుని పైకి వంచుతారు. బిగుసుకున్న మడమ కదలదు, దాని బదులు పాదం మధ్యలో విరిగినట్టు వంగుతుంది. చూడటానికి పాదం పైకొచ్చినట్టే ఉంటుంది. నెలల తరబడి అలా చేస్తే అరికాలి వంపు కూలిపోతుంది. మడమ మొత్తం అరచేతిలో పట్టుకుని కిందికి లాగుతూ, మీ ముంజేయి అరికాలికి ఆనించి, పాదమంతా ఒక్కటిగా పైకి రావాలి. మోకాలు చాచి ఒకసారి, మడిచి ఒకసారి, ఒక్కోటి 30 సెకన్లు. మూడు నుంచి ఐదు సార్లు చాలు. నొప్పికి ఏడ్చేదాకా లాగితే కండరం ఎదురు తిరుగుతుందే తప్ప సాగదు.

డబ్ల్యూ గురించి పలక బలపం గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను, పీట ఇచ్చాకే మార్చండి.

కొలతటేపు:

ఇక్కడ అడగకపోయినా ఒక మాట. తుంటి ఎక్స్‌రే ఎప్పుడు తీశారు? లెవెల్ పెరిగేకొద్దీ తుంటి కీలు మెల్లగా బయటికి జరిగే అవకాశం పెరుగుతుంది, లెవెల్ 3 కూడా ఆ లెక్కలోనే ఉంది. మొదట్లో నొప్పి ఉండదు, నడకలో తేడా తెలియదు. తొడ ఎముక తల గిన్నెలోంచి ఎంత శాతం బయట ఉందో ఎక్స్‌రే మీద కొలుస్తారు. 30 శాతం దాటితే ఎముకల డాక్టర్ దగ్గరుండి చూసుకోవాలి. స్వీడన్‌లో 1994 నుంచి ఇలా పిల్లలందరినీ వరసగా చూసే పద్ధతి పెట్టాక, తుంటి పూర్తిగా తప్పిపోవడం బాగా అరుదైంది. ఎన్నాళ్ళకోసారి తీయాలో మీ డాక్టర్ చెప్తారు, లెవెల్ 3కి ఆర్నెల్లకో ఏడాదికో అంటారు. ఈలోగా డైపర్ మార్చేటప్పుడు ఒక కాలు ముందులా విడిపోకపోయినా, మోకాళ్ళు మడిస్తే ఒకటి పొట్టిగా కనబడినా ఆగకండి.

పొద్దుటి పరుగు:

పోయిన ఎక్స్‌రే ఏడాది దాటింది, ఈ వారమే అపాయింట్‌మెంట్ అడుగుతాను. ఆఖరిగా రెండు చిన్న ప్రశ్నలు. స్ప్లింట్లు రాత్రి కూడా వేయాలా? బంధువులు చక్రాల బేబీ వాకర్ ఇస్తామంటున్నారు, మధ్యలో కూర్చునే రకం, తీసుకోవచ్చా? ఇంకా, పాప ప్లేస్కూల్‌కి వెళ్ళబోతోంది, అక్కడ వాళ్ళకి ఏం ఇవ్వాలి?

పలక బలపం:

రెండన్నారు, మూడు అడిగారు :)

రాత్రికి: పగటి ఏఎఫ్‌ఓలు నడవడానికి చేసినవి. రాత్రి వేయమని ప్రత్యేకంగా చెప్తే తప్ప వేయకండి. నిద్ర చెడితే మర్నాడు బిగువు ఇంకా ఎక్కువుంటుంది.

బేబీ వాకర్ వద్దు. అందులో పాప మునివేళ్ళతో నేలని తన్నుతుంది, మీరు స్ప్లింట్లతో ఆపాలని చూస్తున్నది అదే కదలిక. మెట్ల మీద నుంచి పడే ప్రమాదం వల్ల కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. తన వెనక వాకర్ చాలు. దాని పిడి తుంటి ఎత్తులో, పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా వంగి ఉండేలా చూడండి, పొడుగు పెరిగినప్పుడల్లా మార్చండి.

ప్లేస్కూల్‌కి ఒక్క కాగితం, ఎక్కువ రాస్తే ఎవరూ చదవరు. స్ప్లింట్ సరిగ్గా తొడిగిన ఫోటో ఒకటి, మడమ దిగని ఫోటో ఒకటి పక్కపక్కన. చంకల్లో పట్టి లేపొద్దు, మోకాళ్ళు మడిచి ఎత్తండి అని ఒక వాక్యం. స్ప్లింట్ ఎన్ని గంటలకి తీయాలి, చర్మం చూసి ఎవరికి ఫోన్ చేయాలి. నేల మీద కూర్చోబెట్టే సమయానికి తన పీట. టాయిలెట్‌లో పాదాల కింద దిమ్మ. తను చేయగలిగినవి కూడా రాయండి, లేకపోతే అన్నీ వాళ్ళే చేసేస్తారు: ప్యాంటు పైకి లాక్కోవడం, కుర్చీ పట్టుకుని నిలబడటం, వాకర్ తనే తిప్పుకోవడం.

ఇంకో జత మేజోళ్ళు సంచీలో పెట్టండి. స్ప్లింట్ లోపల, షూ లోపల పేరు, కుడి, ఎడమ అని మార్కర్‌తో రాయండి. తిరగమరగ తొడిగితే కూడా పట్టీలు పడతాయి, అదే చిక్కు.